మందులో మందు కానిది

గత మాసమున మా సంఘ సభ్యులలో నొకరు కార్యాలయమునకు వచ్చి, జేబులోనుండి జ్వరపు మాత్రల అట్ట నొకదానిని దీసి బల్లమీద నుంచిరి. "అయ్యా, దీనిపై అయిదువందల మిల్లీగ్రాములని యచ్చువేసినారు. పది మాత్రలు కంసాలి త్రాసులో తూయించితిని. అయిదు గ్రాములు తూగవలసినవి దాదాపు ఆరు గ్రాములు తూగినవి. ఎరువు బస్తాలో తూకము తగ్గిన మోసమని యెరుగుదుము. ఇందు తూకము పెరిగినది. ఆ పైది పిండియా, సున్నమా? దానికిని మనయొద్ద సొమ్ము పుచ్చుకొనుచున్నారా?" అని యడిగిరి.

మేము మొదట నవ్వితిమి. ఆలోచించినకొలది ఆ ప్రశ్న మిక్కిలి సమంజసమైనదని తోచినది. ఆ పైదానిలో పిండి యున్నమాట నిజము. కొన్ని మాత్రలలో సున్నపుజాతి పదార్థము లుండుటయు నిజమే. అది మోసము కాదు. ఐనను అట్టి మందు కాని వస్తువు విషయమున జరిగిన అశ్రద్ధవలననే 2025వ సంవత్సరమున మధ్యప్రదేశ్ రాష్ట్రమున పసిబిడ్డలు ప్రాణములు గోల్పోయిరి. ఒకే మందు, ఒకే మోతాదు, ఒక రూపమున మేలుచేసి మరియొక రూపమున కీడుచేయుటయు గలదు. కావున ఆ సభ్యునకు నోటిమాటగా జెప్పిన సమాధానమునే కొంత విస్తరించి మన పత్రిక చదువరుల కందరకును దెలుప నెంచితిమి.

రోగముపై బనిచేయు ద్రవ్యమును మూలౌషధ మందుము. దానిని మింగుటకో, త్రాగుటకో, పూయుటకో, సూదితో నెక్కించుటకో అనువుగ నొనర్చుటకై చేర్చు తక్కిన వస్తువులను వైద్యశాస్త్రజ్ఞులు ఎక్సిపియెంట్లు అని పిలుతురు. మేమీ వ్యాసమున వానిని సహాయక ద్రవ్యములని వ్యవహరింతుము. ఈ రెండును గలసి తాల్చు రూపములే మాత్రలు, గొట్టపు మాత్రలు, సిరప్పులు, చుక్కలు, మలాములు, సూదిమందులు.

ఇది మన పెద్ద లెరుగని సంగతి కాదు. ఆయుర్వేదమున ఒకే మూలికను పసరుగా పిండిన స్వరసమనియు, ముద్దగా నూరిన కల్కమనియు, కాచిన క్వాథమనియు, చన్నీట రాత్రియంతయు నానవేసిన హిమమనియు, వేడినీట నానవేసి వడగట్టిన ఫాంటమనియు అయిదు విధములుగ విభజించిరి. చూర్ణము నిచ్చునపుడు తేనెతోనా, నేతితోనా, మజ్జిగతోనా అని వైద్యుడు ప్రత్యేకించి చెప్పెడివాడు. దానినే అనుపానమనిరి. మూలిక ఏదియో చెప్పి ఊరకొనక, దేనితో గలిపి ఏ రూపమున నీయవలెనో చెప్పుటయు వైద్యములో భాగముగనే యుండెను.

రైతునకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతము పొలములోనే గలదు. నువ్వులు చల్లునపుడు ఎకరమునకు రెండున్నర కిలోల విత్తనమే గావున, దానిని వట్టిగా జల్లిన ఒకచోట గుంపుగను ఒకచోట ఖాళీగను బడునని ఇసుక గలిపి చల్లుదుము. ఆ ఇసుక మొలచునది కాదు. ఐనను అది లేక విత్తనము సమముగ బడదు. గుండెజబ్బునకు వాడు డిగాక్సిన్ అను మందు మాత్రకు పావు మిల్లీగ్రామే యుండును. అనగా ఒక గ్రాము మందు నాలుగువేల మాత్రలకు సరిపోవును. ఆ పావు మిల్లీగ్రామును వ్రేళ్లతో బట్టుకొనుట యెట్లు? కంటికే సరిగ నానదు. కావున పాలనుండి తీసిన లాక్టోసు అను చక్కెరనో, పిండినో చేర్చి మాత్రకు పరిమాణము గల్పింతురు. ఆ కలయిక నువ్వులు, ఇసుక కలిపినట్లు ఏకరీతిగ నుండవలెను. లేనిచో ఒక మాత్రలో మందే లేక, మరియొక మాత్రలో రెండింతలుండి ప్రాణము మీదికి వచ్చును.

పురుగుమందులలోను ఇట్లే. కార్బోఫ్యూరాన్ 3 శాతము గుళికలలో నూటికి మూడు పాళ్లు మందు. తక్కినదంతయు దానిని మోయు పదార్థము. క్లోరిపైరిఫాస్ 20 శాతపు ఇ.సి. మందును నీట బోయగనే పాలవలె తెల్లనగుట కందరు చూచియున్నారు. మందు నీట గరుగునది కాదు. నూనెవంటి ద్రావకముననున్న దానిని సన్నని బిందువులుగ విరిచి నీట నిలుపు వస్తువును అందు చేర్చిరి గావున అట్లగును. పురుగుమందు డబ్బాపై ఈ శాతములను చదువుట కలవాటుపడిన రైతులు, బిడ్డకు బోయు సీసాపై అదేరీతి అంకెలను చదువకుండుట మాకెప్పుడును ఆశ్చర్యము గొల్పును. ఆ మాటకు మరల వత్తుము.

మాత్ర తయారగు విధము వినదగినది. పూర్వము మందును బంకతో ముద్దజేసి చేతితో ఉండలు చుట్టెడివారు. 1843వ సంవత్సరమున ఇంగ్లండునందు విలియం బ్రాకిడన్ అను చిత్రకారుడు, పెన్సిళ్లకు వలయు నల్లసీసపు పొడి నచ్చులలో నదిమి గట్టిపరచు సాధనమునకు పేటెంటు పొందెను. ఆ యచ్చులలోనే మందుపొడిని గూడ నదుమవచ్చునని యతడు గ్రహించెను. నేటి మాత్రలన్నియు ఆ వంశమునకు జెందినవే. ఐతే మందుపొడిని నేరుగ యంత్రములో బోసిన పని జరుగదు. పిండి గరాటిలో నిలిచిపోవును, రవ్వ జారును; ఇది ఇంట ఆడువారందరు నెరిగినదే. అందువలన మందుపొడికి తగినంత లాక్టోసో సెల్యులోసో చేర్చి, గంజితో తడిపి, జల్లెడపై రుద్ది రవ్వజేసి ఆరబెట్టుదురు. మేము గంజి యన్నది ఉపమానమునకు గాదు. మొక్కజొన్న పిండిని నీట ఉడికించిన నిజమైన గంజియే మాత్రల పరిశ్రమలో చిరకాలముగ వాడుకలోనున్న బంక.

ఆరిన రవ్వకు మరికొంత పొడిపిండి చేర్తురు. దీని పని మొదటిదానికి సరిగ వ్యతిరేకము. గంజి మాత్రను కట్టిపెట్టగా, ఈ పొడిపిండి కడుపులోని తడి తగులగనే యుబ్బి మాత్రను విరుగగొట్టును. సంచిలో మోసినను విరుగరాదు, కడుపులో నిలువరాదు. ఈ రెండు గుణములను ఒక్క బిళ్లలో నిముడ్చుటే ఈ విద్యలోని కష్టము. పూత లేని మాత్ర 37 డిగ్రీల వెచ్చని నీటిలో పదునైదు నిమిషములలోపల విడిపోవలెనని భారత ఔషధ ప్రమాణ గ్రంథము సామాన్య నియమముగ విధించినది. చివరకు యంత్రపు అచ్చులకంటకుండుటకై మెగ్నీషియం స్టియరేటు అను జిడ్డుపొడిని నూటికి ఒక పాలు చొప్పున గలుపుదురు. ఇది మితిమీరిన ప్రమాదము. నూనె రాచిన గుడ్డ తడవనట్లు మాత్ర తడవక, మందు కరుగకయే క్రిందికి బోవచ్చును. ఒక్క పాలు ఎక్కువ తక్కువలకు ఇంత భేదము గలదు.

ఈ సహాయక ద్రవ్యములలో నెన్నియో మన నేలలో పండునవే. మొక్కజొన్న పిండి చెప్పితిమి. బంగాళదుంప పిండిని మార్చి చేసిన పదార్థము మాత్రను విరుగగొట్టుటలో మిక్కిలి చురుకైనది. ప్రత్తిగింజ నంటియుండు పొట్టి నూగునుండియు, కలప గుజ్జునుండియు సెల్యులోసు లభించును. నువ్వులనూనెలో కరిగించిన సూదిమందులు గలవు. కండలో నిలిచి వారముల తరబడి కొద్దికొద్దిగ మందును వదలుట ఆ నూనె గుణము. పాదరసపు విషమునకు విరుగుడుగ నిచ్చు డైమెర్కాప్రాల్ సూదిమందును వేరుసెనగనూనెలో తయారుచేయుదురు. ఆముదమును రసాయనవిధానమున మార్చి, నీట గరుగని కొన్ని క్యాన్సరు మందులను కరిగించుటకు వాడుదురు. లక్క మాత్రల పూతకు బనికివచ్చినది. మన ఏజెన్సీ గ్రామముల గిరిజనులు తపసిచెట్టునుండి తీయు బంకను 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుచున్నది. ఆ బంక విరేచనపు మందులలోను, కట్టుడుపండ్ల నంటించు పొడులలోను చేరును. బస్తాలలెక్కన అమ్మినదానిని మిల్లీగ్రాములలెక్కన దిరిగి కొనుచున్నామన్నమాట. ఈ లెక్కలోని లాభమెవరిదో మన సంఘములు ఏనాటికైన విచారింపవలసినదే గాని, అది వేరొక వ్యాసము.

ఇక పూత మాత్రల మాట. ఇందు మాకే జరిగిన యొక పొరపాటును చెప్పుకొనక తప్పదు. మా తండ్రిగారు రక్తపుపోటునకు నిఫెడిపిన్ మాత్ర వాడుచుండిరి. కడపటి దినములలో మింగుట కష్టమైనందున, మాకు తోచిన తెలివితో ఆ మాత్రను కల్వములో మెత్తగ నూరి తేనెలో రంగరించి యిచ్చితిమి. అరగంట గడవకముందే వారికి ముఖము కందగడ్డయై, చెమటలు పట్టి, లేచి నిలువబోయి గుమ్మమున గూలబడిరి. బండి కట్టించి వైద్యునియొద్దకు గొనిపోగా, ఆయన అట్టను త్రిప్పి చూచి, "ఇది పండ్రెండు గంటలపాటు కొద్దికొద్దిగ విడుదల కావలసిన మందు. మీరు నూరి, పూటకు సరిపోవుదాని నంతయు ఒక్కమారుగ లోపలికి బంపితిరి. పోటు పాతాళమునకు దిగినది" అని చెప్పెను. దైవవశమున గండము గడచినది. మేము చదువుకొన్నవారమే, అట్టపైనున్న రెండక్షరములను మాత్రము చదువలేదు.

మాత్ర పేరు ప్రక్కన ఎస్.ఆర్., ఇ.ఆర్., సి.ఆర్., ఎక్స్.ఎల్. వంటి పొడి యక్షరము లున్నయెడల అది నెమ్మదిగ విడుదలయగు మందని తెలిసికొనవలెను. వేపనూనె పూసిన యూరియా నెరుగనివారు లేరు. 2015లో కేంద్రప్రభుత్వము దేశమునందు తయారగు యూరియాకంతకు ఆ పూతను నిర్బంధముచేసెను. పూతవలన నత్రజని మార్పు మందగించి పైరుకు నిదానముగ నందును. ఆ పూతను ఎవరును కడిగి చల్లరు గదా! మందుమాత్రలలో ఈ నిదానమునకై కొన్నిట నీట బంకయగు పదార్థమును కలుపుదురు. కొన్నిట రంధ్రములుగల పొరను కప్పుదురు. నూరినను, నమిలినను, త్రుంచినను ఆ యేర్పాటు చెడును. నడుమ గాడి వేసిన మాత్రను సామాన్యముగ రెండుచేయవచ్చును. గాడి లేనిదానిని వైద్యునో మందుల దుకాణపు ఫార్మసిస్టునో అడుగక విరువరాదు.

మరియొక జాతి పూత గలదు. పాంటోప్రజోల్ అను కడుపుమంట మందు జఠరములోని పులుపునకే నశించును. ఆస్పిరిన్ జఠరమును దొలుచును. అందుచే పులుపునకు గరుగక, దానిని దాటి ప్రేగులలోనికి బోయిన పిమ్మటనే కరుగు పొరను వీనిపై కప్పుదురు. ఇట్టి మాత్రను నూరి యిచ్చిన, మొదటిది పనిచేయదు, రెండవది కడుపును గాయపరచును. మింగలేని ముసలివారికి ద్రవరూపము గలదా, వేరు మందు గలదా యని వైద్యు నడుగుట క్షేమము.

కొన్ని రూపములు దీనికి సరిగ విరుద్ధముగ నుండును. గుండెనొప్పి వచ్చినపుడు నాలుక క్రింద నుంచుకొను మాత్ర మింగుటకు గాదు. నోటిలోని సన్నని నరములద్వారా నిమిషములలో రక్తమున జేరుటకు దానిని తేలికగ గరుగునట్లు చేసిరి. బడిపిల్లలకు ఫిబ్రవరి 10వ తేదిని, ఆగస్టు 10వ తేదిని పంచు నులిపురుగుల మాత్రను నమిలి మింగవలెను. ఒక్కొక్క రూపమునకు ఒక్కొక్క మర్యాద.

ద్రవరూపములకు వత్తము. మందు పూర్తిగ గరిగిన సిరప్పు నిర్మలముగ నుండును. కరుగని మందు పొడిగ తేలియాడుచుండు సీసా వేరు. దానిపై "వాడుటకు ముందు బాగుగ కదలింపుడు" అని వ్రాసియుండును. గోడకు బూయు సున్నమును కలియబెట్టక పైతేట నుపయోగించినచో గోడ తెలుపెక్కదు. అడుగుది పూసినచోట పెచ్చులు లేచును. కదలింపని సీసాలోను మొదటి దినము బిడ్డకు తీపినీరు, చివరి దినము మందు ముద్ద లభించును. పిల్లల అమాక్సిసిలిన్ వంటివి పొడిగ వచ్చును. నీట గలిపినయెడల నెలల తరబడి నిలువవు గనుక దుకాణమున పొడిగనే యుంచుదురు. కాచి చల్లార్చిన నీటిని సగము బోసి కుదిపి, పిమ్మట గీతవరకు నింపవలెను. గీత దాటిన మందు పలుచనగును, తగ్గిన చిక్కనగును. కలిపినది సామాన్యముగ ఏడు దినములకు మించి పనికిరాదు. మిగిలినదానిని వచ్చే జ్వరమునకు దాచు ఇల్లాండ్రను మేమెరుగుదుము. వారి పొదుపును మెచ్చుకొందుము గాని ఈ పొదుపు వలదు.

పైన జెప్పిన అంకెల మాట ఇచ్చటనే. పారాసిటమాల్ సిరప్పు రెండు మూడు బలములలో దొరకును. ఒకటి 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు. వేరొకటి 5 మిల్లీలీటర్లకు 250. చంటిపిల్లల చుక్కలమందు చిన్న సీసాలో నుండును గాన పలుచనిదని తల్లులు తలతురు. అందు ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాము లుండును. అనగా సిరప్పు మూతతో 5 మిల్లీలీటర్ల చుక్కలమందును బోసిన, 120 పోవలసినచోట 500 పోవును. పదికిలోల బిడ్డకు ఒకమారునకు తగినది నూరు మొదలు నూటయేబదివరకు మాత్రమే. ఇట్లు కొన్ని పూటలు జరిగిన కాలేజము చెడును. 20 శాతపు పురుగుమందునకు బదులు 50 శాతపుది వచ్చినపుడు రైతు మూతల లెక్క తగ్గించుకొనును. ఆ జాగ్రత్తయే ఇచ్చటను గావలెను. వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కొలత. సీసాతో వచ్చిన మూతయో పిచ్చికారీయో వాడవలెను. ఒక సీసా మూతతో మరియొక సీసా మందు కొలువరాదు.

సహాయక ద్రవ్యము నిర్వ్యాపారమైనదని, కేవలము మోయు గాడిద యని చాలకాలము వైద్యులును దలచిరి. ఆ తలపును మార్చిన వృత్తాంతములలో నొకటి ఆస్ట్రేలియాలో జరిగినది. 1960ల చివర బ్రిస్బేను నగర ప్రాంతమున మూర్ఛరోగమునకు ఫెనిటాయిన్ గొట్టపు మాత్రలు వాడుచున్నవారిలో అనేకులు ఉన్నట్టుండి నడక తూలి, మాట తడబడి, చూపు చెదరి ఆసుపత్రులకు వచ్చిరి. మందు మారలేదు, మోతాదు మారలేదు, ఎవరును ఎక్కువ మింగలేదు. విచారింపగా గొట్టములో పూరకముగ నింపుచున్న కాల్షియం సల్ఫేటునకు మారుగ తయారుచేయువారు లాక్టోసును నింపిరని తేలినది. పాతది మందులో కొంతభాగమును పట్టియుంచి ఒంటికి బట్టనీయలేదు, క్రొత్తది పట్టియుంచలేదు. రోగుల మోతాదు లన్నియు పాతదానికి సరిచూచి నిర్ణయించినవి గనుక, క్రొత్తదానితో రక్తమున మందు విషప్రమాణమునకు పెరిగెను. పాలచక్కెర యొక్కటి మారినందున మనుష్యులు తూలిపడిరి.

అంతకంటె ఘోరమైనది 1937లో అమెరికాలో జరిగెను. సల్ఫనిలమైడ్ అనునది చీము, గొంతువాపు మొదలగువానికి పనిచేయు మంచిమందు. మాత్రగను పొడిగను వాడుకలో నుండెను. ద్రవరూపము గావలెనని దక్షిణ రాష్ట్రములలో కోరిక పుట్టగా, ఒక సంస్థ రసాయనికుడు అది డైఎథిలీన్ గ్లైకాల్ అను తియ్యని ద్రవమున బాగుగ గరుగునని కనిపెట్టి, రాస్ప్‌బెర్రీ రుచి చేర్చి సీసాల కెక్కించెను. రంగు చూచిరి, వాసన చూచిరి, రుచి చూచిరి. విషమగునాయని మాత్రము పరీక్షింపలేదు; నాటి శాసనమట్టి పరీక్షను కోరనులేదు. నూరుమందికిపైగా చనిపోయిరి, వారిలో పిల్లలు పెక్కురు. మూలౌషధము నిర్దోషి, చంపినది దానిని మోసిన ద్రవము. ఆ సీసాలను స్వాధీనపరచుకొనుటకు అధికారులకు దొరికిన చట్టపు ఆధారమెట్టిదో చూడుడు: ఎలిక్సిరు అను పేరుగల మందులో సారాయి యుండవలెను, ఇందు లేదు గాన పేరు తప్పు! మరుసటి యేడు, 1938లో, క్రొత్త మందును అమ్మకమునకు ముందే క్షేమకరమని నిరూపింపవలెనను శాసనము అచ్చట వచ్చినది. మనదేశపు మందుల చట్టము 1940 నాటిది.

చట్టము లుండియు ఆ విషము మనలను వదలలేదు. 1986లో బొంబాయి నగరపు టాసుపత్రిలో కల్తీ గ్లిసరిన్ వలనను, 1998లో ఢిల్లీ ప్రాంతమున దగ్గుమందు వలనను, 2020లో జమ్మూలోని రామ్‌నగరమునను మరణములు గలిగెను. 2022లో మనదేశమున తయారైన సిరప్పులు త్రాగిన గాంబియా దేశపు పిల్లలు అరువదిమందికిపైగా మూత్రపిండములు చెడి చనిపోయిరి. 2025 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతమున ఇరువదిమందికిపైగా బిడ్డలు దగ్గుమందువలన మరణించిరి. నూటికి పదియవవంతు పాలును దాటగూడని ఆ విషద్రవము, పరీక్షించిన సీసాలో నూటికి 48 పాళ్లకుమించి యుండెను. కారణ మొక్కటే. సిరప్పులో మందును కరిగించుటకు గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి శుద్ధద్రవములు వాడవలెను. యంత్రములకు, రంగులకు వాడు చౌక సరకునందు డైఎథిలీన్ గ్లైకాల్ కలసియుండును. రెండును తియ్యనివే, చిక్కనివే, రంగు లేనివే. పీపా వచ్చినపుడు పరీక్ష చేయుట కొంచెపు ఖర్చుతో నయ్యెడి పని. ఆ కొంచెమును మిగుల్చుకొన్నవారిని గూర్చి మేము మెత్తగ వ్రాయజాలము.

ఈ సంగతి తెలిసి మనము చేయగలదేమి? బిడ్డకు జలుబు, దగ్గు వచ్చిన వెంటనే సీసా కొనకుండుటయే మొదటిది. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్పు లీయరాదనియు, అయిదేండ్లలోపువారికి సామాన్యముగ వలదనియు కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో హెచ్చరించినది. ఆ దగ్గులు పెక్కు దమంతటనే తగ్గును. సిరప్పు త్రాగిన బిడ్డ వాంతులు చేసికొనుచు మూత్రము తగ్గించినయెడల, క్షణమాలస్యముచేయక పెద్దాసుపత్రికి గొనిపోయి, సీసాను వెంట దీసికొనిపోవలెను.

తీపి యున్నదెల్ల రుచికొరకే యనుకొనుటయు పొరపాటే. విరేచనములకు నీట గలిపి త్రాగించు ఓ.ఆర్.ఎస్. పొట్లములో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోసు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9 గ్రాము లుండును. పిల్లవాడు త్రాగుటకై తియ్యన జేసిరని చాలమంది భావము. గ్లూకోసు అచ్చట మందులో భాగము. ప్రేగుగోడలో ఉప్పును గ్లూకోసును జతగ లోనికి గొనిపోవు ద్వారము గలదు. ఆ జత వెంట నీరు పోవును. అందువలననే పొట్లమంతయు సరిగ ఒక లీటరు నీటిలో కలుపవలెను. గ్లాసునకు చిటికెడు చొప్పున కలుపుట తగదు. నీరు తగ్గి తీపి యెక్కువైన విరేచనములు పెరుగును.

ఉప్పు తానే మందును మోయుటయు గలదు. బోదకాలు వ్యాధికి వాడు డైఎథైల్‌కార్బమజీన్ అను మందును, మన భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలవారు 1947 ప్రాంతమున వెలువరించిరి. దానిని వంట యుప్పులో స్వల్పముగ గలిపి ఊళ్లకూళ్లకు తినిపించి చైనాదేశము ఆ వ్యాధిని అణచినది. వేడికి చెడదు, రుచి మార్చదు గనుక ఉప్పు దానికి దగిన వాహనమైనది.

ఇన్సులిన్ మింగిన మాంసకృత్తువలె జీర్ణమైపోవును గాన సామాన్యముగ సూదిమందుగ నిచ్చుచున్నారు. అది గడ్డకట్టిన చెడును, ఎండకును చెడును. బండి డిక్కీలో బెట్టుకొని సంతంతయు దిరిగిన సీసా చూపునకు బాగుగనే యుండును, పనిచేయదు. శీతలపెట్టె లేనివారు నీరుపోసిన తడి మట్టిపాత్ర నడుమ నుంచుట మండుటెండలో నుంచుటకంటె మేలు. మాత్రలలో ఆస్పిరిన్ తడి తగిలిన వెనిగరు వాసన కొట్టును, అట్టిదానిని పారవేయవలెను. అట్టపై రేకు నూడదీసి మాత్రలన్నియు నొక డబ్బీలో బోయు నలవాటు మానవలెను. ఆ రేకు తేమను ఆపుటకే వేసినది.

చవుక మందుల మాట సభ్యులు తరచుగ నడుగుచున్నారు. 2023 జూన్ మాసమున కేంద్రప్రభుత్వము రెండువేల ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు జన ఔషధి కేంద్రములు తెరచుట కనుమతి నీయ నిశ్చయించినది. మన సంఘమునకును ఆ యాలోచన గలదు. రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు వచ్చును. చవుకమందులో మూలౌషధ మదియే, ప్రమాణ మదియే. పూరకమో రంగో వేరుగ నుండవచ్చును. నీట సులభముగ గరుగని మందులవిషయమున, క్రొత్తగ తయారుచేయ దలచినవారు రక్తమున మందు సమముగ జేరుచున్నదని నిరూపింపవలెనని 2017లో నియమము వచ్చినది. సామాన్య రోగములకు నిస్సంశయముగ కొనవచ్చునని మా యభిప్రాయము. మూర్ఛకు, థైరాయిడునకు వాడువారు మాత్రము ఒక కంపెనీదానినుండి మరియొక కంపెనీదానికి మారునపుడు వైద్యునకు జెప్పి మారుట మంచిది. బ్రిస్బేను కథ మరువరాదు. పెద్ద పేరుగల సరకున కొన్నను ఇదే జాగ్రత్త. మన సంఘము దుకాణము తెరచినచో అట్టను కత్తిరించి అమ్మరాదని మేము పట్టుబట్టెదము. కత్తిరించిన ముక్కపై తయారీ సంఖ్యయు, గడువు తేదియు మిగులవు. 2023 ఆగస్టు 1వ తేదినుండి మూడువందల ప్రసిద్ధ మందుల అట్టలపై చరవాణితో చదువదగిన చదరపు గుర్తు నచ్చువేయుచున్నారు. చదువు వచ్చిన పిల్లలచేత చదివింపుడు.

ఇదంతయు విన్న మా సభ్యుడు పిండికి తాను చెల్లించిన పైకముమాట మరల ఎత్తలేదు. మరునాడుదయమున దిరిగివచ్చి రెండు సీసాలు మా ముందుంచెను. ఒకటి మనుమని సిరప్పు, రెండవది అదే పేరుగల చుక్కలమందు. రెండింటికిని కలిపి ఇంట నొక్కటే మూత యుండెను. చుక్కల సీసాపై నెఱ్ఱసిరాతో "ఒక మిల్లీలీటరునకు నూరు" అని పెద్దయక్షరములతో వ్రాసి, ఒక పిచ్చికారీ కొని రబ్బరుదారముతో దానికి కట్టి పంపితిమి.